సేవాసంస్థ సంకల్పం నిలబడేదెలా?

ప్రజల మేలు కోరి పుట్టిన సంస్థలు కాలం గడిచేకొద్దీ తాము పుట్టిన కారణాన్నే మరిచిపోవడం కొత్త విషయం కాదు. పేద పిల్లల చదువు కోసం వెలసిన విద్యాలయం క్రమంగా ఫీజు కట్టగలిగినవారిదైపోవడం, నిరుపేద రోగుల పేరు చెప్పి కట్టిన ఆసుపత్రిలో ఆ పేదలకే పడక దొరకకపోవడం, అన్నదానానికి రాసిచ్చిన మాన్యం అన్యాక్రాంతం కావడం తెలుగు పాఠకులకు తెలియనివి కావు. ఇటువంటి సందర్భాల్లో ఎవరో ఒకరి స్వార్థాన్ని నిందించి ఊరుకోవడం తేలిక. అయితే నిజాయితీపరులే నడుపుతున్న సంస్థలు సైతం, విడివిడిగా చూస్తే తప్పుపట్టలేని నిర్ణయాలను ఒకదాని వెంట ఒకటిగా తీసుకుంటూ, చివరికి మొదటి ఉద్దేశానికి ఎంతో దూరంగా తేలడాన్ని గమనిస్తే, సమస్య మూలం వ్యక్తుల గుణగణాలను మించినదని అర్థమవుతుంది.

సంస్థ తన ప్రకటిత లక్ష్యం నుంచి కొద్దికొద్దిగా తొలగిపోవడాన్ని లక్ష్యచ్యుతి అనవచ్చు. ఇది అవినీతి కంటే భిన్నమైనది. అవినీతిలో సొమ్ము దారి మళ్లుతుంది, లెక్కలు తారుమారవుతాయి, పట్టుబడితే శిక్ష పడుతుంది. లక్ష్యచ్యుతిలో లెక్కలన్నీ సక్రమంగానే ఉండవచ్చు, ఆడిటర్ సంతకమూ ఉండవచ్చు, సంస్థ ఏటేటా పెరుగుతూనే ఉండవచ్చు. కానీ ఎవరి కోసం పుట్టిందో వారు మాత్రం ఆ పెరుగుదలలో కనిపించరు. దీనిని అడ్డుకోవాలంటే సేవాసంకల్పం నిర్వాహకుల మనసులో ఉంటే చాలదు. అది సంస్థ పత్రాల్లో, ఆదాయ మార్గాల్లో, పాలకమండలి కూర్పులో, లబ్ధి పొందేవారు ప్రశ్నించే హక్కులో కూడా ఉండాలి. గత యాభై ఏళ్లలో తెలుగు నేలపైనా, దాని ఇరుగుపొరుగునా నడిచిన కొన్ని సంస్థల చరిత్ర ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది.

చట్టం ఇచ్చే మొదటి రక్ష

భారతదేశంలో సేవాసంస్థ ప్రధానంగా మూడు రూపాల్లో ఏర్పడుతుంది. దాత తన ఆస్తిని ఒక ప్రయోజనానికి అంకితం చేసి, దానిని కాపాడే బాధ్యతను ధర్మకర్తలకు అప్పగిస్తే అది ట్రస్టు అవుతుంది. ఆ అప్పగింత షరతులు రాసిన పత్రమే ట్రస్టు డీడ్. ఏడుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి ఒక ఆశయం కోసం సంఘంగా నమోదైతే అది సొసైటీ. దేశంలో వీటికి మూలం 1860 నాటి చట్టం కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో తన సొంత చట్టాన్ని చేసుకుంది. మూడోది, 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద ఏర్పడే కంపెనీ. ఇది పేరుకు కంపెనీయే అయినా వాటాదారులకు డివిడెండు పంచే వీలు లేదు.

ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఒక్కటే: మిగులును ఎవరూ పంచుకోకూడదు. లాభాపేక్ష లేని సంస్థ అంటే ఆదాయమే లేని సంస్థ అనో, ఏటా ఖర్చులు పోగా ఏమీ మిగలని సంస్థ అనో చాలామంది అనుకుంటారు. నిజానికి మిగులు ఉండటం తప్పు కాదు, ఆ మిగులు సభ్యుల జేబుల్లోకి పోవడమే తప్పు. 1860 చట్టం ప్రకారం సొసైటీ రద్దయినా, అప్పులు తీర్చాక మిగిలిన ఆస్తి సభ్యులకు చెందదు, మరో సొసైటీకి వెళ్లాల్సిందే. ఆదాయపు పన్ను చట్టం సైతం ఈ సూత్రాన్నే గట్టిపరుస్తుంది. పన్ను మినహాయింపు పూర్తిగా దక్కాలంటే ధర్మసంస్థ తన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని లక్ష్యసాధనకు వినియోగించాలి, స్థాపకులకూ వారి బంధువులకూ అనుచిత ప్రయోజనం కలిగించకూడదు. పన్ను మినహాయింపుతో పోగైన ఆస్తిని తీసుకుని సంస్థ ధర్మస్వభావం వదులుకుంటే, ఆస్తుల విలువలోంచి అప్పులు తీసివేయగా మిగిలిన మొత్తంపై గరిష్ఠ రేటున పన్ను విధించే ఏర్పాటును 2016 ఆర్థిక చట్టం తెచ్చింది. ప్రజల సొమ్ముతో పెరిగిన సంస్థ చడీచప్పుడు లేకుండా వ్యాపార సంస్థగా మారిపోకుండా వేసిన కట్టడి ఇది.

ట్రస్టు డీడ్‌లోనో, సొసైటీ నియమావళిలోనో ఆశయాలను రాసే తీరుకు ఇక్కడే ప్రాధాన్యం వస్తుంది. చాలా సంస్థలు భవిష్యత్తులో ఏ అవకాశమూ చేజారకూడదని విద్య, వైద్యం, పర్యావరణం, క్రీడలు, గ్రామీణాభివృద్ధి అంటూ లోకంలోని మంచి పనులన్నింటినీ ఆశయాల జాబితాలో చేర్చుకుంటాయి. అంత విశాలమైన జాబితా ఉన్న సంస్థ ఏ పని చేసినా తన ఆశయంలోదే అవుతుంది కనుక, దారి తప్పావని దానిని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎవరి కోసం, ఏ ప్రాంతంలో, ఏ అవసరం తీర్చడానికి అన్న మూడు సంగతులు స్పష్టంగా రాసుకున్న సంస్థకు మాత్రం తన ప్రతి నిర్ణయాన్నీ సరిచూసుకునే కొలబద్ద చేతిలో ఉంటుంది.

ఉద్దేశం ఒకటి, ఒత్తిడి మరొకటి

లక్ష్యచ్యుతి ఎంత సహజంగా, ఎంత వేగంగా జరగగలదో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణ రంగం చూపినంత స్పష్టంగా మరేదీ చూపలేదు. సూక్ష్మరుణం అంటే తాకట్టు పెట్టడానికి ఏమీ లేని పేద కుటుంబాలకు, ముఖ్యంగా మహిళలకు, చిన్న మొత్తాల్లో అప్పు ఇచ్చి వారపు వాయిదాల్లో వసూలు చేసే పద్ధతి. వడ్డీవ్యాపారుల బారి నుంచి పేదలను తప్పించాలన్న ఆశయంతో 1990లలో తెలుగు జిల్లాల్లో ఈ పని మొదలుపెట్టిన సంస్థలు తొలుత లాభాపేక్ష లేని సొసైటీలే. బ్యాంకు మెట్లెక్కడానికి వెనకాడే ఆడవాళ్ల ఇంటి ముంగిటికే అప్పు తెచ్చిన ఆ ప్రయత్నంలో నిజమైన మేలు ఉంది.

చిక్కు విజయంతోనే మొదలైంది. అప్పులు సక్రమంగా తిరిగి వస్తున్న కొద్దీ మరింతమందికి అప్పులివ్వాలన్న కోరిక పెరిగింది, అందుకు మూలధనం కావలసి వచ్చింది, సొసైటీకి వాటాలమ్మి పెట్టుబడి సేకరించే అధికారం లేదు. అందువల్ల ఈ సంస్థలు ఒకదాని వెంట ఒకటి బ్యాంకింగేతర ఆర్థిక కంపెనీలుగా మారాయి. మెదక్ జిల్లాలో 1990ల చివర సొసైటీగా పని మొదలుపెట్టిన ఎస్‌కేఎస్ 2005లో తన రుణ కార్యకలాపాలను కంపెనీకి మార్చింది. అప్పు తీసుకునే మహిళల తరఫున వాటాలు ఉంచేందుకు ట్రస్టులను ఏర్పరచినా, బయటి పెట్టుబడి నిధుల వాటా పెరిగేకొద్దీ ఆ ట్రస్టుల వాటా పలచబడింది. 2010 ఆగస్టులో ఆ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది, అందుకోసం జరిగిన వాటాల విక్రయం విలువ 1,600 కోట్ల రూపాయలు దాటింది. పేదరికాన్ని ఎదుర్కోవడానికి సామాజిక సంస్థలు మార్కెట్ల నుంచి డబ్బు తేగలవని ప్రపంచమంతటా కొందరు దీనిని కొనియాడగా, బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకుడు మహమ్మద్ యూనస్ మాత్రం పేదల అప్పుల నుంచి వాటాదారులకు లాభం తీసే మార్గమిదని బహిరంగంగానే వ్యతిరేకించారు.

రెండు నెలలు తిరగకుండానే పరిస్థితి తలకిందులైంది. ఒకే కుటుంబానికి నాలుగైదు సంస్థలు పోటీపడి అప్పులివ్వడం, ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు తీసుకోవలసి రావడం, వాయిదా తప్పినవారిపై తోటి సభ్యురాళ్ల ద్వారా ఒత్తిడి తేవడం గ్రామాల్లో తీవ్రరూపం దాల్చింది. అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను నియంత్రిస్తూ ఆర్డినెన్సు జారీ చేసింది. రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి, కంపెనీలు భారీగా నష్టపోయాయి, వాటితోపాటు పద్ధతిగా పనిచేస్తున్న చిన్న సంస్థలూ దెబ్బతిన్నాయి. రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చాక, ఈ రంగానికి ప్రత్యేక నిబంధనలు, వడ్డీపై పరిమితులు వచ్చాయి. నిజానికి 2006లోనే కృష్ణా జిల్లా అధికారులు దాదాపు 50 సూక్ష్మరుణ శాఖలను మూసివేయించినప్పుడు స్పష్టమైన హెచ్చరిక వెలువడింది, కానీ వృద్ధి వేగం ముందు ఆ హెచ్చరిక నిలవలేదు.

ఈ చరిత్రలో ఏ ఒక్క నిర్ణయాన్నీ విడదీసి దుర్మార్గమని చెప్పడం కష్టం. ఎక్కువమందికి చేరాలనుకోవడం తప్పు కాదు, మూలధనం వెతకడం తప్పు కాదు, కంపెనీగా మారడం చట్టవిరుద్ధం కాదు. మారినదల్లా సంస్థ జవాబు చెప్పుకోవలసిన మనిషి. మొదట అప్పు తీసుకునే మహిళకు మేలు జరిగిందా అన్నది ప్రశ్న. తర్వాత ఎన్ని అప్పులిచ్చారు, ఎంత శాతం వసూలైంది, ఈ మూడు నెలల్లో లాభం ఎంత పెరిగింది అన్నవి ప్రశ్నలయ్యాయి. ఆ మహిళకు నిజంగా అప్పు అవసరమా, తీర్చే స్తోమత ఆమెకు ఉందా అని అడగడానికి సంస్థలో ఎవరికీ వ్యవధి గానీ, ప్రయోజనం గానీ లేకుండాపోయాయి. సేవాసంస్థ ఎవరికి జవాబుదారీ అన్నది మారితే, దాని ఆశయం మారినట్టే.

సంపాదనను సేవకు కట్టిపెట్టిన వైద్యం

సంపాదించడమే చేటు అన్న నిర్ణయానికి పై ఉదంతం దారితీయవచ్చు. ఆ నిర్ణయం సరికాదని రుజువు చేసిన సంస్థలు కూడా దక్షిణ భారతంలోనే ఉన్నాయి. ప్రభుత్వ సర్వీసు నుంచి 58వ ఏట పదవీ విరమణ చేసిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. నివారించదగిన అంధత్వాన్ని తొలగించడం దాని లక్ష్యం. డబ్బు చెల్లించే రోగుల నుంచి వచ్చే ఆదాయంతో, చెల్లించలేనివారికి ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో శస్త్రచికిత్సలు చేయడం దాని పద్ధతి. రోజువారీ వైద్యాన్ని విరాళాలపై ఆధారపడి కాక సొంత ఆదాయంతోనే నడిపించిన ఈ సంస్థ, ప్రపంచంలోనే అత్యధికంగా కంటి శస్త్రచికిత్సలు చేసే సంస్థల్లో ఒకటిగా ఎదిగింది.

అరవింద్ సంపాదన లక్ష్యాన్ని మింగకపోవడానికి కారణాలు దాని నిర్మాణంలోనే ఉన్నాయి. ఆసుపత్రి ట్రస్టుకు చెందినది కనుక మిగులును పంచుకునే వాటాదారులు లేరు, ఆ మిగులు కొత్త ఆసుపత్రులకూ ఉచిత చికిత్సలకూ వెళ్లింది. డబ్బిచ్చినవారికి వసతి గదుల్లో తేడా ఉంటుందే తప్ప వైద్యుల నైపుణ్యంలో తేడా ఉండకూడదన్న నియమం వల్ల, ఉచిత వైద్యం రెండో రకం వైద్యంగా దిగజారలేదు. పేదలు తమంతట తాము వస్తారని ఎదురుచూడకుండా గ్రామాల్లో శిబిరాలు పెట్టి రోగులను గుర్తించి ఆసుపత్రికి తీసుకువచ్చే ఏర్పాటు వల్ల, డబ్బిచ్చేవారే ఆసుపత్రిని నింపేసే పరిస్థితి రాలేదు. శుక్లాల శస్త్రచికిత్సలో కంటిలో అమర్చే కటకం ఖరీదు పేదలకు అడ్డంకిగా ఉందని గ్రహించి, 1992లో ఆరోల్యాబ్ పేరుతో సొంత తయారీశాలను నెలకొల్పి, దిగుమతి ధరలో చిన్న భాగానికే కటకం దొరికేటట్టు చేసింది. శుక్లాలతో చూపు కోల్పోయిన పేదవాడికి అడ్డుగా ఉన్నదేమిటన్న ఒకే ప్రశ్న ఈ విస్తరణ అంతటినీ నడిపింది.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి చరిత్ర కూడా ఇదే పాఠాన్ని మరో కోణంలో చెబుతుంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు సంకల్పానికి తెలుగు సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ భూమి, ధనం సమకూర్చగా 1987లో ఈ సంస్థ ఆరంభమైంది. నగరం నడిబొడ్డున పేరున్న ఆసుపత్రిగా స్థిరపడ్డాక, అక్కడికే వచ్చే రోగులతో తృప్తిపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ సమాజంలోని అన్ని వర్గాలకూ నాణ్యమైన నేత్రవైద్యం అందాలన్న ఆశయాన్ని అక్షరాలా తీసుకున్నందువల్ల, దూరమే పేదలకు పెద్ద ఖర్చని గుర్తించి అంచెలంచెల వ్యవస్థను నిర్మించింది. అట్టడుగున సుమారు 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక దృష్టికేంద్రం, దానిపైన సుమారు 5 లక్షల జనాభాకు శస్త్రచికిత్స చేయగల ద్వితీయస్థాయి కేంద్రం, ఆపైన పెద్ద ఆసుపత్రులు ఉండే ఈ నమూనా అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్ వంటి మారుమూల ప్రాంతాలకు నేత్రవైద్యాన్ని చేర్చింది. నగర ఆసుపత్రి పేరుప్రతిష్ఠలు గ్రామ కేంద్రాలకు ఊతమిచ్చాయి తప్ప వాటిని మరుగున పడేయలేదు.

రుణ సంస్థలనూ కంటి ఆసుపత్రులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఆదాయం ఉండటంలో లేదు, ఆదాయం ఎవరికి చెందుతుందన్న దానిలో ఉంది. ఆసుపత్రుల్లో డబ్బిచ్చే రోగి వేరు, ఉచిత సేవ పొందే రోగి వేరు; మొదటివారి చెల్లింపు రెండోవారికి ఆసరా అయింది. రుణ సంస్థల్లో ఆదాయం రావలసింది పేదల నుంచే, లాభం చేరవలసింది పెట్టుబడిదారులకు. సేవాసంస్థ ఆదాయ మార్గాన్ని ఎంచుకునే ముందు, ఆ మార్గం విస్తరించినకొద్దీ లబ్ధిదారుకు బలం చేకూరుతుందా, భారం పెరుగుతుందా అని తేల్చుకోవడం అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష.

విద్యపై సుప్రీంకోర్టు గీసిన గీత

విద్యారంగంలో ఈ పరీక్షను న్యాయస్థానమే నిర్వహించవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పులపై వచ్చిన అప్పీళ్లలో, న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసుగా పేరొందిన తీర్పును సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 19న వెలువరించింది. ప్రధాన ఉద్దేశం విద్య అయితే చాలు, పక్కన ఇతర ఆశయాలున్నా పన్ను మినహాయింపుకు అడ్డు కాదన్న అంతకుముందరి దృక్పథాన్ని కోర్టు తిరస్కరించింది. విద్య కోసమే ఉన్నానని చెప్పి మినహాయింపు కోరే సంస్థ విద్యకు సంబంధం లేని ఆశయాలు పెట్టుకోరాదని, లాభార్జనే ధ్యేయంగా కనిపించే సంస్థకు ఆ మినహాయింపు వర్తించదని తేల్చింది. అదే సమయంలో విద్య అందించే క్రమంలో ఏదైనా ఏడాది మిగులు రావడం నేరం కాదని, పాఠ్యపుస్తకాలు, బస్సులు, వసతి గృహాల వంటివి విద్యకు అనుబంధమే అవుతాయని వివరించింది.

ఈ తీర్పు సారాంశం సామాన్యుడికి తెలియడం అవసరం. తెలుగు రాష్ట్రాల్లో వీధివీధినా వెలసిన విద్యాసంస్థల్లో చాలావాటిని నడిపేవి చట్టరీత్యా సొసైటీలో, ట్రస్టులో. ఫీజు చెల్లించే తల్లిదండ్రులు తాము ఒక ధర్మసంస్థతో వ్యవహరిస్తున్నామన్న ఎరుక లేకుండానే ఏళ్లు గడిపేస్తారు. ధర్మసంస్థ అన్న హోదా వెనుక ప్రభుత్వం వదులుకున్న పన్ను ఉంటుంది, అంటే ప్రజలందరి సొమ్ము ఉంటుంది. అందువల్ల ఆ సంస్థ తన ఆశయానికి కట్టుబడి ఉందా అని అడిగే హక్కు విద్యార్థి తల్లిదండ్రులతోపాటు ప్రతి పౌరుడికీ ఉంది.

దాత ఇష్టం, సంస్థ నిశ్చయం

సొంత ఆదాయం లేని సంస్థలు విరాళాలపై ఆధారపడతాయి, వాటికి లక్ష్యచ్యుతి దాతల వైపు నుంచి వస్తుంది. 2013 కంపెనీల చట్టం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు తమ మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని నిర్దేశించాక, స్వచ్ఛంద సంస్థలకు కొత్త నిధుల ద్వారం తెరుచుకుంది. అయితే కంపెనీ తన కర్మాగారానికి చేరువలో, ఏడాదిలో పూర్తయి, కంటికి కనిపించే పనిని ఇష్టపడటం సహజం. తాగునీటి యంత్రం, తరగతి గది, సైకిళ్ల పంపిణీ వంటి వాటికి డబ్బు తేలికగా దొరుకుతుంది. కట్టుబానిసత్వం నుంచి విడిపించిన కుటుంబానికి ఐదేళ్లపాటు తోడుండే పనికి దొరకదు. నిధులున్న చోటికి పని వెళ్లడం మొదలయ్యాక, ఏ అవసరం కోసం సంస్థ పుట్టిందో ఆ అవసరం అలాగే మిగిలిపోతుంది.

దీనికి విరుగుడు ముందే రాసి పెట్టుకున్న సూత్రాలు. 1981లో నమోదై, 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల విముక్తికి పనిచేసిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ ఇందుకు చక్కని ఉదాహరణ. పిల్లలందరూ పగటిపూట పూర్తికాలం నడిచే బడికే వెళ్లాలని, బడికి వెళ్లని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే పరిగణించాలని, పేదరికం పేరుతో పిల్లల పనిని సమర్థించడాన్ని అంగీకరించరాదని ఆ సంస్థ రాజీలేని సూత్రాలను రాసుకుంది. పని చేసే పిల్లలకు రాత్రిబడులు నడపడం ఆ రోజుల్లో తేలికైన మార్గం, నిధులూ దొరికే మార్గం. కానీ పిల్లవాడికి పగలు పని, రాత్రి చదువు అన్న ఏర్పాటు బాలకార్మిక వ్యవస్థను ఒప్పుకోవడమే అవుతుంది కనుక సంస్థ దానిని అంగీకరించలేదు. సొంత బడుల గొలుసు కట్టుకోకుండా, శిబిరాల్లో పిల్లలను సిద్ధం చేసి వయసుకు తగిన తరగతిలో ప్రభుత్వ పాఠశాలల్లోనే చేర్పించింది. తన పేరు మీద భవనాలు పెరగకపోయినా బడిలో పిల్లలు పెరిగితే చాలుననుకోవడంలోనే ఆశయనిష్ఠ ఉంది. ఈ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

దాత ఒక్కరే అయితే మరో ప్రమాదం ఉంది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవకు మూలమైన ఈఎంఆర్‌ఐ సంస్థ సత్యం కంప్యూటర్స్ అధినేత చొరవతో ఏర్పడింది. 2009 జనవరిలో సత్యం లెక్కల మోసం బయటపడినప్పుడు, ఆ మోసంతో సంబంధం లేని అంబులెన్సు సేవ భవిష్యత్తు కూడా సందేహంలో పడింది. నిర్వహణ వ్యయంలో పెద్ద భాగాన్ని ప్రభుత్వం భరించడం, అదే ఏడాది జీవీకే సంస్థ బాధ్యత స్వీకరించడం వల్ల సేవ నిలిచింది. ఒకే చేతి మీద ఆధారపడిన సంస్థ, ఆ చేయి ఎంత ఉదారమైనదైనా, నిశ్చింతగా ఉండలేదని ఈ అనుభవం తెలియజేస్తుంది.

దాతల మాట వినకపోవడం కూడా లక్ష్యచ్యుతే కాగలదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ ప్రత్యేక నిధికి 50 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. అందులో కొంత భాగాన్ని భవిష్యత్తు అవసరాలకు అట్టేపెట్టాలని సంస్థ తలపెట్టినప్పుడు, బాధితుల కోసమని ఇచ్చిన సొమ్మును మరోదానికి ఎలా వాడతారని దాతలూ చట్టసభ సభ్యులూ నిలదీశారు. అదే ఏడాది నవంబరులో నిర్ణయాన్ని మార్చుకుని నిధి మొత్తాన్నీ బాధితులకే వెచ్చిస్తామని సంస్థ ప్రకటించింది. భవిష్యత్తుకు సిద్ధపడటం మంచి పనే, కానీ ఏ మాట చెప్పి డబ్బు తీసుకున్నారో ఆ మాటే దానికి షరతు.

పాలకమండలి, కొలమానం, జవాబుదారీతనం

కందుకూరి వీరేశలింగం తన ఆస్తిని హితకారిణీ సమాజానికి ధారాదత్తం చేసినప్పుడు, సంస్కరణ కార్యం తన వ్యక్తిగత ఆస్తిగా కాక సమాజపు ఆస్తిగా కొనసాగాలన్న వివేకం అందులో ఉంది. ఆ వివేకం లోపించిన చోట భర్త అధ్యక్షుడు, భార్య కార్యదర్శి, కుమారుడు కోశాధికారిగా సాగే సంస్థలు తయారవుతాయి. సదుద్దేశంతో ఉన్నా అటువంటి పాలకమండలిలో కాదనే గొంతు ఉండదు. పాలకమండలి అంటే సంస్థ దిశను నిర్ణయించి, నిర్వాహకులను ప్రశ్నించే సభ్యుల బృందం. అందులో స్థాపకుడితో బంధుత్వం లేనివారు, ఆ రంగం తెలిసినవారు, సేవ పొందే వర్గానికి చెందినవారు ఉన్నప్పుడే అది తన పని చేయగలదు. సభ్యులకు గడువు విధించడం, సంస్థతో లావాదేవీలున్న సభ్యుడు ఆ విషయం ముందే వెల్లడించి ఆ చర్చ నుంచి తప్పుకోవడం, స్థాపకుడి తర్వాత ఎవరన్నది ఆయన ఉండగానే నిర్ణయించడం ఖర్చు లేని సంస్కరణలు.

కొలమానం ఎంపిక కూడా అంతే కీలకం. ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎందరికి కుట్టుమిషన్లు ఇచ్చారు అన్నది చేసిన పనికి లెక్క. చూపు వచ్చిందా, ఆ మిషనుతో కుటుంబ ఆదాయం పెరిగిందా అన్నది ఫలితానికి లెక్క. మొదటి లెక్క తీయడం సులభం కనుక నివేదికలన్నీ దానితోనే నిండుతాయి, కొన్నేళ్లకు సిబ్బంది సైతం దాని కోసమే పనిచేస్తారు. పరిపాలన ఖర్చు ఎంత తక్కువగా ఉంటే సంస్థ అంత మంచిదన్న అభిప్రాయం మరో తప్పు కొలమానం. విదేశీ విరాళాల విషయంలో 2020 చట్టసవరణ పరిపాలన వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. దుబారాకు పరిమితి ఉండవలసిందే. అయితే ఫలితాన్ని పరిశీలించడానికీ, సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికీ, లెక్కలు సరిగా ఉంచడానికీ డబ్బు కావాలి. వాటిపై పెట్టే ఖర్చును నేరంగా చూసే దాత, సంస్థ తన తప్పును తెలుసుకునే దారినే మూసివేస్తాడు.

జవాబుదారీతనానికి తెలుగు నేల ఇచ్చిన ఒక మంచి పద్ధతి అందుబాటులోనే ఉంది. ఉపాధి హామీ పథకంలో 2006 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక తనిఖీలను నిర్వహించి, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీనే ఏర్పరచింది. పనుల రికార్డులను గ్రామస్థుల ముందు చదివి వినిపించి, కూలీలే నిజానిజాలు చెప్పే ఆ పద్ధతిని సేవాసంస్థలు తమకు తామే వర్తింపజేసుకోవచ్చు. ఏడాదికొకసారి లబ్ధిదారుల ముందు జమాఖర్చులు చదివి, వారి ఫిర్యాదులను పాలకమండలి మినిట్స్‌లో నమోదు చేసే సంస్థ దారి తప్పినా వెంటనే తెలుసుకోగలదు. అప్పటికీ దారికి రాని ప్రజా ట్రస్టుల విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ పౌరులకు ఆయుధం ఇచ్చింది. ఆ ట్రస్టుతో ప్రయోజన సంబంధమున్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతితో దావా వేసి, ధర్మకర్తల తొలగింపును, లెక్కల వెల్లడిని, నిర్వహణకు కొత్త పథకాన్ని కోరవచ్చు.

లక్ష్యం నెరవేరినప్పుడు

ఆశయానికి కట్టుబడటం అంటే ఎన్నటికీ మారకపోవడం కాదు. అమెరికాలో పోలియోపై పోరాటానికి 1938లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నెలకొల్పిన సంస్థ, మార్చ్ ఆఫ్ డైమ్స్ పేరుతో సామాన్యుల చిల్లర నాణేలు సేకరించి పరిశోధనలకు ఊతమిచ్చింది. జోనాస్ సాక్ టీకా సురక్షితమని 1955లో ప్రకటించడంతో దాని లక్ష్యం నెరవేరే దశకు చేరింది. 1958లో ఆ సంస్థ శిశువుల పుట్టుకలోపాల నివారణను కొత్త ధ్యేయంగా బహిరంగంగా ప్రకటించి, ఆ ప్రకటన మీదే కొత్తగా ప్రజల మద్దతు కోరింది. కాలానికి తగిన మార్పునూ లక్ష్యచ్యుతినీ వేరుచేసే గీత ఇదే: మార్పు చర్చించి, కారణం చెప్పి, దాతలకూ లబ్ధిదారులకూ తెలిసేలా జరుగుతుంది, లక్ష్యచ్యుతి ఎవరూ నిర్ణయించకుండానే జరిగిపోతుంది. పని పూర్తయి, కొత్త అవసరానికి తగిన శక్తి లేనప్పుడు ఆస్తిని సాటి సంస్థకు అప్పగించి గౌరవంగా ముగించడం కూడా ఆశయనిష్ఠే.

సేవాసంస్థ ఆశయాన్ని కాపాడే బాధ్యత ధర్మకర్తలది మాత్రమే కాదు, విరాళమిచ్చే ప్రతి ఒక్కరిదీ. తెలుగువారు ఊళ్లో బడికీ, గుడి అన్నదానానికీ, విదేశాల నుంచి సొంత గ్రామ ఆసుపత్రికీ ఉదారంగా ఇస్తారు, ఇచ్చాక అడగడాన్ని మర్యాద కాదనుకుంటారు. ఆ మొహమాటం విడిచిపెట్టాలి. సంస్థ ఎవరి కోసం పుట్టింది, గత ఏడాది వారి బతుకులో ఏం మారింది, పాలకమండలిలో స్థాపకుల బంధువులు కానివారు ఎందరు అన్న మూడు ప్రశ్నలు అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకున్నాకే విరాళం ఇవ్వాలి. దానం చేసేవారు అడగడం మొదలుపెడితే సంస్థలు జవాబు సిద్ధం చేసుకోవడం మొదలుపెడతాయి, జవాబు చెప్పగలిగిన సంస్థలే తమ సంకల్పాన్ని నిలుపుకుంటాయి.